తుప్పు లెక్క

క్రితం సంచికలో ఈ శీర్షిక కింద గ్రాట్యుటీ లెక్క ఎలా కట్టాలో రాశాను. దానిమీద వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు "మా ఇంటాయనకు ఎంత వస్తుందో చెప్పండి" అన్నవే. వాటికి విడివిడిగా జవాబులు రాసేశాను. ఒక్క ఉత్తరం మాత్రం ఈ సంచిక కోసం దాచుకున్నాను.

రాసినామె కృష్ణగిరి దగ్గర పల్లెలో ఉంటుంది. భర్త హోసూరులో ఒక ప్లేటింగ్ షెడ్డులో 22 ఏళ్లు పనిచేసి 2024లో మానుకున్నాడు. చివరి నెల మూలవేతనమూ కరువుభత్యమూ కలిసి 13,000 రూపాయలు. లెక్క తేలికే. 13,000ను 26తో భాగించి 15తో గుణిస్తే 7,500. దాన్ని 22తో గుణిస్తే 1,65,000. ఆ చెల్లెమ్మ తనే ఈ లెక్క కట్టుకుని, "సరిపోయిందా అన్నయ్యగారూ?" అని అడిగింది. సరిపోయిందమ్మా, పైసా తేడా లేదు. అయితే ఉత్తరంలో చోటు చాలక, కాగితం అంచున నిలువుగా రెండు వాక్యాలు రాసింది. "ఈయన నిద్రపోతుంటే ముక్కులోంచి సన్నగా ఈల వస్తుంది. పిల్లలు విని నవ్వుతారు."

నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఈసారి వడ్డీలనూ నామినేషన్లనూ పక్కనబెట్టి తుప్పు గురించి రాస్తున్నాను. నేను బి.కాం. చదివినవాణ్ణి. రసాయనశాస్త్రంతో నా స్నేహం పదో తరగతితో సరి. కానీ హోసూరులో బ్యాంకు ఉద్యోగం చేసినవాడికి కొన్ని విషయాలు చదవకుండానే తెలుస్తాయి. సిప్‌కాట్‌లోనూ, చుట్టుపక్కల చిన్న షెడ్లలోనూ మేమిచ్చిన అప్పుకు తాకట్టుగా ఉన్న సరుకును మూడు నెలలకోసారి వెళ్లి చూసిరావాలి. లేత్ షెడ్డుకు వెళితే చొక్కాకు నూనె మరక. ప్లేటింగ్ షెడ్డుకు వెళితే గొంతులో గరగర. గోడలమీద పసుపుపచ్చని చారలు. తొట్టి పక్కన నిలబడిన మనిషిని "మంట పుట్టదా?" అని ఒకసారి అడిగాను. "మొదట్లో శానా మండేది సార్. ఇప్పుడేం లేదు, అలవాటైపోయింది" అన్నాడు. ఆ అలవాటు ఏమిటో తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది.

మన ఇళ్లలో పెద్దవాళ్లకు పూత అంటే కళాయి. వీధిలోకి కళాయి పోసేవాడు వచ్చి, గుంట తవ్వి, తిత్తితో నిప్పు రాజేసి, నవాసారం చల్లి తగరం రుద్దితే ఇత్తడి గిన్నె వెండిలా మెరిసేది. ఆ పొగ వాసన మా వయసువాళ్లకు ఇంకా గుర్తే. ప్లేటింగ్ కూడా అదే ఉద్దేశం, పద్ధతి వేరు. ఒక తొట్టిలో క్రోమిక్ ఆసిడ్ నీళ్లు ఉంటాయి, లీటరుకు సుమారు 250 గ్రాములు. దాన్లో వస్తువును వేలాడదీసి కరెంటు పంపితే క్రోమియం దానిమీద సన్నని పొరగా పేరుకుంటుంది. మోటారుసైకిలు భాగాల మీద, కుళాయిల మీద కనిపించే ఆ తళతళ పొర ఒక మైక్రాను కూడా ఉండదు. తుప్పును ఆపే పని అసలు దాని కిందున్న నికెల్ పొరది. పైది మెరుపునూ గట్టితనాన్నీ కాపాడుతుంది.

బ్యాంకువాడికి నచ్చని లెక్క ఒకటి ఇక్కడుంది. ఈ తొట్టిలో నూరు రూపాయల కరెంటు పోస్తే పదీ ఇరవై రూపాయల పనే జరుగుతుంది. మిగిలినదంతా నీళ్లను విడగొట్టడానికే పోతుంది. ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు ఆక్సిజన్ బుడగలుగా పైకి వస్తాయి. ఆ బుడగ పైకొచ్చి పగిలినప్పుడల్లా కంటికి కనపడని ఆసిడ్ తుంపర ఒకటి గాల్లోకి లేస్తుంది. రోజంతా లక్షల బుడగలు. తొట్టిమీద వంగి పనిచేసేవాడు పీల్చేది ఆ తుంపరనే. అంటే కరెంటులో వృథా అయినదే మనిషి ముక్కులో జమ అవుతోంది.

ఆ తుంపరలో ఉండేది ఆరు వేలెన్సీ ఉన్న క్రోమియం. దాన్ని ఆరు క్రోమియం అందాం. దీనికి తమ్ముడొకడున్నాడు, మూడు వేలెన్సీవాడు. అన్నదమ్ములే గానీ గుణాలు వేరు. మన శరీరంలోని కణానికి గంధకపు లవణం, అంటే సల్ఫేటు, అవసరం. దాన్ని లోపలికి తెచ్చుకోవడానికి కణం గోడకు ఒక వాకిలి ఉంటుంది. ఆరు క్రోమియం ఏర్పరిచే క్రోమేటు ఆకారంలో అచ్చం సల్ఫేటులా ఉంటుంది. దొంగ సంతకం అసలు సంతకంలాగే ఉంటే కౌంటర్లో చెక్కు పాసైపోతుంది చూడండి, అలా అది లోపలికి వెళ్లిపోతుంది. లోపలికి వెళ్లాక అది మూడు క్రోమియంగా మారుతుంది. ఆ మారే దారిలో కణంలోని వంశసూత్రాన్ని, డి.ఎన్.ఎ.ను, దెబ్బతీస్తుంది. మూడు క్రోమియం బయటే ఉంటే దానికి ఆ వాకిలి దాదాపుగా తెరుచుకోదు.

ఇక్కడొక మాట. ఇది చదివి ఇంట్లో స్టీలు గిన్నెలు పారేయబోతారేమో, ఆగండి. స్టీలులోనూ, మెరిసే కుళాయి మీదా ఉండేది లోహరూపంలోని క్రోమియం. దానితో మనకు పేచీ లేదు. పేచీ అంతా తయారీ తొట్టి దగ్గరే.

ముక్కు సంగతికి వద్దాం. రెండు ముక్కుపుటాలకూ మధ్య ఉన్న అడ్డుగోడ మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు. రెండువైపులా ఉన్న తడిపొరల నుంచే పోషణ అందాలి. ఆసిడ్ తుంపర ఆ పొరను పుండు చేస్తుంది. మొదట మంట, కారడం, రక్తపు చుక్కలు, ఎండిన పెచ్చులు. పొర పోయాక లోపలి మృదులాస్థి పోషణ లేక చచ్చిపోతుంది. గోడకు చిల్లు పడుతుంది. చిత్రమేమంటే చిల్లు పడ్డాక మంట తగ్గిపోతుంది. నొప్పి ఉండదు. "అలవాటైపోయింది" అనిపిస్తుంది. చిల్లు చిన్నదైతే ఊపిరి అందులోంచి దూరుతూ ఈల వేస్తుంది. పెద్దదైతే ఆ ఈల కూడా ఆగిపోతుంది. కాబట్టి పిల్లలు నవ్విన ఆ ఈల ఒకరకంగా అదృష్టమే, ఎవరి చెవినో పడింది. ఉత్తరం చూసి నేను రోగం తేల్చలేను. ముక్కు, చెవి, గొంతు డాక్టరు టార్చిలైటు వేసి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. ఆ చెల్లెమ్మకు అదే రాశాను, "గ్రాట్యుటీ చెక్కు బ్యాంకులో వేయడానికి ఎటూ హోసూరు వస్తారు గదా, ఆ రోజే చూపించుకురండి" అని.

ఇదేదో ఈనాడు కొత్తగా కనిపెట్టిన రోగమని అనుకోకండి. స్కాట్లండులోని గ్లాస్గోలో విలియం క్యూమిన్ అనే డాక్టరు 1827లోనే క్రోమియం లవణాలతో పనిచేసేవారి చేతులమీద పడే లోతైన పుండ్ల గురించి రాశాడు. అదే ఊళ్లో 1890లో న్యూమన్ అనే డాక్టరు క్రోమియం రంగుల కార్మికుడి ముక్కులో క్యాన్సరును నమోదు చేశాడు. జర్మనీ 1936లో క్రోమేటు కార్మికుల ఊపిరితిత్తుల క్యాన్సరును వృత్తివ్యాధిగా ఒప్పుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లో ఆరు క్రోమియాన్ని మనుషుల్లో క్యాన్సరు తెస్తుందని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. 2000లో అమెరికాలోని బాల్టిమోరులో ఒక క్రోమేటు కర్మాగారపు కార్మికులు 2,357 మంది పాత రికార్డులు తిరగేస్తే, 122 మంది ఊపిరితిత్తుల క్యాన్సరుతో పోయినట్టు తేలింది. ఎంత ఎక్కువ పీలిస్తే అంత ముప్పు అని ఆ లెక్క చూపించింది. దాని తర్వాత 2006లో అమెరికా పనిచోటు గాలిలో ఆరు క్రోమియం పరిమితిని ఘనమీటరుకు 52 మైక్రోగ్రాముల నుంచి 5కు దించింది. మన దేశంలో 1987 సవరణతో ఫ్యాక్టరీల చట్టంలో చేరిన పట్టికలో ఆ సంఖ్య 0.05 మిల్లీగ్రాములు, అంటే 50 మైక్రోగ్రాములు. ఒకే తొట్టి, ఒకే ఆసిడ్, ఒకేలాంటి ముక్కు. పరిమితి మాత్రం పదింతలు.

ఇటీవలి పరిశోధనలు ఇంకో దిక్కు చూస్తున్నాయి. గాలిని కొలిస్తే చాలదు, మనిషి లోపలికి ఎంత వెళ్లిందో కొలవాలి అంటున్నారు. ఐరోపాలో అనేక దేశాలు కలిసి చేసి 2022లో ప్రకటించిన పరిశీలనలో కార్మికుల మూత్రాన్నీ, రక్తంలోని ఎర్రకణాలనూ పరీక్షించారు. అన్ని వృత్తుల్లోకీ ఎక్కువ క్రోమియం కనిపించింది ప్లేటింగ్ తొట్టి దగ్గరివారిలోనే. వారి చేతులమీద కూడా క్రోమియం ఉంది. అంటే గ్లవ్సు తీసి, చేయి కడగకుండా బీడీ ముట్టించినా, టిఫిన్ డబ్బా తెరిచినా లెక్కలో కొంత చేరినట్టే. మన షెడ్లలో ఈ సంగతి తెలుగులో ఎవరు చెబుతారు? నేను చూసిన షెడ్లలో హెచ్చరిక బోర్డు ఉంటే తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉండేది. తొట్టి దగ్గర నిలబడేవాడు బాగలూరు పల్లెల తెలుగువాడో, ఈమధ్యకాలంలో అయితే ఒడిశా కుర్రాడో.

అసలు తుప్పును ఆపడానికి ఆరు క్రోమియం వాడినంత విరివిగా ఇంకేదీ వాడలేదనిపిస్తుంది. కాలిఫోర్నియాలో హింక్లీ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి గ్యాస్ కంప్రెసర్ స్టేషన్లో 1952 నుంచి 1966 వరకు, నీళ్లు చల్లార్చే టవర్లు తుప్పు పట్టకుండా ఆరు క్రోమియం కలిపారు. ఆ నీళ్లు భూమిలోకి ఇంకి బావుల్లో తేలాయి. 1996లో కంపెనీ 33 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. దానిమీద 2000లో వచ్చిన ఇంగ్లీషు సినిమా మీలో కొందరు చూసే ఉంటారు. అంతదూరం ఎందుకు, మన కృష్ణగిరి నుంచి చెన్నై దారిలో వెళితే రాణిపేట వస్తుంది. అక్కడ 1990లలో మూతపడిన ఒక క్రోమేటు కర్మాగారం వెనక లక్ష టన్నులకు పైబడిన క్రోమియం చెత్త గుట్టగా మిగిలింది. 2006లో ఒక అమెరికన్ సంస్థ ప్రపంచంలో అతి కలుషితమైన పది చోట్ల జాబితా వేస్తే అందులో రాణిపేట పేరు ఉంది.

ఈ కథలో మంచి మలుపు బోల్టు రూపంలో వచ్చింది. మీ ఇంట్లో పాత స్కూటరు ఉంటే దాని బోల్టు చూడండి. ఇంద్రధనుస్సు ఛాయతో పసుపుగా మెరుస్తూ ఉంటుంది. ఇనుముమీద జింకు పూత, దానిమీద ఆరు క్రోమియం ముంచి తీసిన పొర. జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది, పసుపు పొర జింకును కాపాడుతుంది. ఐరోపావారు 2007 జులై 1 నుంచి కొత్త వాహనాల భాగాల్లో ఆరు క్రోమియం ఉండరాదన్నారు. వారి బెంగ పాత కార్లను తుక్కు చేసినప్పుడు అది నేలలో కలుస్తుందని. మన హోసూరు కార్మికుడి ముక్కు వారి ఆలోచనలో లేదు. అయినా అక్కడికి సరుకు పంపాలంటే ఇక్కడ తొట్టి మార్చక తప్పదు. తెల్లగానో, లేత నీలంగానో మెరిసే మూడు క్రోమియం పొర అలా వచ్చింది. ఆరోగ్య చట్టం చేయించలేని పనిని కొనుగోలుదారు పంపిన కాగితం చేయించింది. అప్పుల కాగితాలు చూసిన నాకు ఇందులో ఆశ్చర్యం లేదు.

తళతళ పూతకు కూడా మూడు క్రోమియం తొట్టి ఉంది. రంగులో కొంచెం తేడా, పర్యవేక్షణ ఎక్కువ కావాలి, మందు ఖరీదు. పిస్టన్ రాడ్ లాంటి వాటికి వేసే మందపాటి గట్టి పూతకే ఇంకా చిక్కు ఉంది. కాలిఫోర్నియా 2023లో చేసిన నియమం ప్రకారం అలంకారపు పూతకు ఆరు క్రోమియం 2027తో సరి, గట్టి పూతకు 2039 దాకా గడువు. మన తమిళనాడులోనే కారైక్కుడిలో ఈ పూతలమీదా తుప్పుమీదా పనిచేసే కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ ఉంది. అళగప్ప చెట్టియారు 300 ఎకరాల భూమీ 15 లక్షల రూపాయలూ ఇస్తే 1948లో నెహ్రూ పునాదిరాయి వేశారు.

తొట్టి మార్చలేనివాడు తుంపరనైనా ఆపవచ్చు. తొట్టి అంచున గాలిని లాగే సందులు పెట్టి, ఆ గాలిని స్క్రబ్బరులో కడిగి వదలాలి. తొట్టిమీద ప్లాస్టిక్ బంతులు తేలేస్తే కొంత ఆగుతుంది. నురగ మందు వేస్తే బుడగ మెత్తగా పగులుతుంది. కానీ ఆ నురగ మందులోనూ తిరకాసు ఉంది. ఎక్కువగా వాడిన మందు పీ.ఎఫ్.ఓ.ఎస్. అనే ఫ్లోరిన్ రసాయనం. నేలలో, నీళ్లలో, రక్తంలో పోకుండా నిలిచిపోయే జాతి. 2009లో స్టాక్‌హోం ఒప్పందం దాన్ని నియంత్రణ జాబితాలో చేర్చింది. 2023 డిసెంబరులో అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ దానికి క్యాన్సరు తెచ్చే అవకాశం ఉందని తేల్చింది. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసినట్టు.

ఇంకా రెండు పూతల సంగతి క్లుప్తంగా. పూర్వం రైలు వంతెనలకూ పెద్ద ఇనుప కట్టడాలకూ అడుగుపూతగా సీసపు సిందూరం పూసేవారు. మన గ్రిల్లులకు వేసే ఎర్రాక్సైడు వేరు, అది ఇనుపరంగు. సీసం పిల్లల మెదడుకు చేటని చాలాకాలంగా తెలుసు. కొత్తగా తేలినది గుండె సంగతి. 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 55 లక్షల మంది పెద్దవాళ్లు సీసం తెచ్చిన గుండె, రక్తనాళాల జబ్బులతో పోయారని 2023లో ప్రపంచబ్యాంకు పరిశోధకులు లెక్కగట్టారు. మన దేశంలో 2017 నవంబరు నుంచి ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల్లో 90 భాగాలు దాటరాదు. ఆ నియమం ఇంటి రంగులకే. పాత గేటు, పాత కిటికీ రంగును పొడిగా గీకేటప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచండి, తడిపి గీకించండి.

రెండోది ఇసుక. పూతకు ముందు తుప్పు రాలగొట్టడానికి ఇసుకను గాలితో చిమ్ముతారు. ఆ ఇసుక పగిలి సన్నని సిలికా దుమ్మవుతుంది. ఊపిరితిత్తిలో చేరి మచ్చకట్టి, క్షయకు తలుపు తెరుస్తుంది. బ్రిటన్ 1949 నిబంధనలతోనే పోత ఇనుమును ఇసుకతో చిమ్మడం మాన్పించింది. టర్కీలో జీన్సు ప్యాంటు పాతబడ్డట్టు కనిపించాలని ఇదే పని చేయించి, కుర్రాళ్లు పోతుంటే 2009లో నిషేధించారు. కృష్ణగిరి రాతి పనివారి దుమ్ము గురించి వేరుగా రాయాలి, ఇక్కడ కుదరదు.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన మాట. ఇనుము తుప్పుకు ప్రపంచం ఎంత ఖర్చు పెడుతుందో అమెరికాలోని తుప్పు నివారణ ఇంజనీర్ల సంస్థ 2016లో లెక్క వేసింది. ఏడాదికి రెండున్నర లక్షల కోట్ల డాలర్లు, ప్రపంచ ఉత్పత్తిలో 3.4 శాతం. ప్రాజెక్టు రిపోర్టులో ప్రతి తొట్టికీ, ప్రతి రెక్టిఫయరుకూ తరుగుదల రాస్తాం. ఆదాయపు పన్ను లెక్కల్లో ఏళ్ల తరబడి మామూలు యంత్రానికి 15 శాతం తరుగుదల ఉంటే, గాలి కడిగే స్క్రబ్బరుకు 40 శాతం ఇచ్చారు. అంతకుముందు నూటికి నూరూ ఇచ్చేవారు. అంటే కార్మికుడి ఊపిరి కాపాడే పరికరం ఖరీదును యజమాని పన్ను లెక్కలో మిగతా యంత్రాలకంటే తొందరగా రాబట్టుకోవచ్చు. ఈ సంగతి చెబితే నోరు తెరిచిన యజమానులను నేనెరుగుదును. వారిలో ఇద్దరు మా దగ్గర అప్పు తీసుకుని స్క్రబ్బరు పెట్టించారు కూడా.

మనిషి తరుగుదల మాత్రం ఏ బ్యాలెన్సు షీటులోనూ కనపడదు. కారణం సులువు. క్రోమియం తెచ్చే ఊపిరితిత్తుల క్యాన్సరు ఇరవై ఏళ్లకు పైగా కాచుకుని రాగలదు. అప్పటికి మనిషి హాజరుపట్టీలో ఉండడు. షెడ్డే ఉండకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వేసిన అంచనా చూడండి. 2016లో పనివల్ల చనిపోయినవారు 19 లక్షలు. వారిలో అయిదింట నాలుగు వంతులు దీర్ఘవ్యాధులతో పోయినవారే. యంత్రంలో చేయిపడి పోయినవాడు పేపరులో కనిపిస్తాడు. మిగతావారు ఇంట్లో మంచంమీద పోతారు. సర్టిఫికెట్లో ఊపిరితిత్తుల జబ్బు అని ఉంటుంది, ఎక్కడ పనిచేశాడో ఉండదు.

ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు 1700లో వృత్తివ్యాధులమీద పుస్తకం రాస్తూ, రోగిని "నీ వృత్తి ఏమిటి?" అని కూడా అడగాలని వైద్యులకు చెప్పాడు. మూడువందల ఏళ్లు దాటాయి. మా బ్యాంకులో జీరో బ్యాలెన్సు ఖాతా తెరవాలన్నా వృత్తి గడి నింపాలి. నాకు తెలిసిన ఆసుపత్రి చీటీల్లో పేరు, వయసు, ఊరు ఉంటాయి, ఆ గడి లేదు. కాబట్టి మనమే చెప్పాలి.

చట్టంలో దారి లేకపోలేదు. క్రోమియంవల్ల వచ్చే జబ్బులు 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులో, రెండో భాగంలో ఉన్నాయి. ఆరు నెలలకు తగ్గకుండా ఆ పని చేసినవారికి అది వర్తిస్తుంది. ఉద్యోగం మానాక జబ్బు బయటపడినా, ఆ పనివల్లనే వచ్చిందని రుజువైతే పరిహారం ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఆ జబ్బుల పట్టిక కూడా చేరింది. ఈ.ఎస్.ఐ. ఉన్నవారు ఆ సంస్థ ద్వారానే వెళ్లాలి. గడువులుంటాయి, జబ్బు తెలిసిన వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలి. కొత్త కోడ్‌లతో పాటు 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏడాదికోసారి ఉచిత వైద్యపరీక్ష అని ప్రభుత్వం ప్రకటించింది. మన ఇళ్ల నుంచి షెడ్లకు వెళుతున్నవాళ్లు అడిగి చేయించుకోవాలి.

అడగడానికీ రుజువు చేయడానికీ కాగితం కావాలి. ఈ.ఎస్.ఐ. కార్డు, పాత జీతం చీటీలు, పి.ఎఫ్. నంబరు, పనిమానిన కాగితం ఒక కవరులో పెట్టండి. ఒక తెల్లకాగితం మీద ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏ షెడ్డులో, ఏ తొట్టి దగ్గర, రోజుకు ఎన్ని గంటలు, గాలి లాగే ఫ్యాను ఉందా లేదా, పక్కన పనిచేసినవారెవరు అన్నవి రాసి, కింద తేదీ వేసి సంతకం చేయించండి. ఏ జబ్బుకు డాక్టరు దగ్గరకు వెళ్లినా ఆ కాగితం జిరాక్సు ఇవ్వండి. పొగతాగే అలవాటు ఉంటే మానిపించండి, ఈ పనిచేసినవారి ఊపిరితిత్తికి అది రెండో దెబ్బ. ముక్కులో చిల్లు ఉన్నంతమాత్రాన క్యాన్సరు వచ్చినట్టు కాదు. ఆ మనిషి ఎంత పీల్చాడో చెప్పే సాక్ష్యం అది, డాక్టరు చేత రాయించి కవరులో పెట్టండి.

వచ్చే సంచికలో, షెడ్డు మూతపడి యజమాని దొరకనప్పుడు ఆగిపోయిన పి.ఎఫ్. ఖాతాను ఎలా రాబట్టుకోవాలో రాస్తాను. అలాంటి ఖాతా ఉన్నవారు నంబరు మాత్రం పంపవద్దు, సమస్య రాస్తే చాలు.